ఆయన కంపెనీ వేరు, ఆవిడ కంపెనీ వేరు: అమెరికాలో 401(కె) పెట్టే ముందు తేల్చుకోవలసిన చుట్టరికపు లెక్క

టెక్సస్‌లో ఒక తెలుగు జంట ఉన్నారనుకుందాం. ఆయనది ఒంటి మనిషి ఐటీ కన్సల్టింగ్ కంపెనీ. ఆవిడ పేర ఒక మోటెల్ ఉంది. గదులు శుభ్రం చేసేవారు, డెస్కు దగ్గర కూర్చునేవారు కలిపి అందులో పన్నెండు మంది. ఎవరి బ్యాంకు ఖాతా వారిది, ఎవరి పన్ను నంబరు వారిది. తన కంపెనీలో ఉద్యోగులు లేరు కదా అని ఆయన సోలో 401(కె), అంటే ఉద్యోగులు లేని యజమాని తనకోసం పెట్టుకునే పన్ను రాయితీ రిటైర్మెంట్ ఖాతా, తెరిచారు. 2025 లెక్కలో జీతంలోంచి 23,500 డాలర్లు, కంపెనీ వాటాతో కలిపి 70,000 దాకా వేసుకోవచ్చు. అయితే ఆయన ఇన్వాయిసులు పంపేదీ, ఖాతాలు రాసేదీ ఆవిడే. ఆ పనికి ఆయన కంపెనీ ఆవిడకు నెలకు కొంత జీతం కూడా రాస్తోంది.

ఆ చిన్న జీతంతోనే, రిటైర్మెంట్ ప్లాన్ల చట్టం దృష్టిలో రెండు కంపెనీలూ ఒకే యజమాని అయిపోయాయి. మోటెల్‌లో గదులు ఊడ్చేవారు కూడా ఇప్పుడు ఆయన ఉద్యోగుల లెక్కలోకి వస్తారు. అది ఇక సోలో ప్లాన్ కాదు.

ఖాతా తెరిచే ఫారంలో చాలాసార్లు ఒక మూల ‘సంబంధిత సంస్థలు ఏమైనా ఉన్నాయా’ అన్న పెట్టె ఉంటుంది. మనవాళ్లు ‘లేవు’ అని టిక్కు పెట్టి ముందుకు పోతారు. వారు అబద్ధం చెప్పడం లేదు. ఆ ప్రశ్నకు అర్థం వారికి తెలియదు. మనకు బావమరిది సొంతమనిషి, తోడల్లుడు అన్నదమ్ముడితో సమానం. అమెరికా పన్ను చట్టానికి వాళ్లిద్దరూ పరాయివాళ్లే. ఇరవై ఏళ్లు నిండని కూతురు మాత్రం చట్టం దృష్టిలో పెద్ద వాటాదారు కావచ్చు. ఈ చుట్టరికపు లెక్కను ప్లాన్ పెట్టిన తరువాత కాదు, ముందే వేసుకోవాలి.

ఈ నిబంధన ఎందుకు వచ్చింది

ఇది లేకపోతే ఎవరైనా ఏం చేస్తారు? యజమాని ఒక కంపెనీలో, పనివాళ్లు ఇంకో కంపెనీలో ఉంటారు. మొదటి కంపెనీకి ఘనమైన పింఛను ప్లాన్, రెండోదానికి శూన్యం. పన్ను రాయితీ అంతా యజమానికే. దీన్ని ఆపడానికి 1974లో ఎరిసా అనే పింఛను ప్లాన్ల చట్టంతోపాటు అమెరికా పన్ను చట్టమైన ఇంటర్నల్ రెవెన్యూ కోడ్‌లో 414(బి), 414(సి) సెక్షన్లు వచ్చాయి. ఉమ్మడి యాజమాన్యంలో ఉన్న కార్పొరేషన్లు, భాగస్వామ్యాలు, ఎల్ఎల్‌సీలు (పరిమిత బాధ్యత కంపెనీలు), ఒంటి వ్యాపారాలు అన్నిటినీ ఒకే యజమానిగా చూడాలని వాటి సారం. వీటినే కంట్రోల్డ్ గ్రూప్ అంటారు.

డాక్టర్లు దీనికీ దారి కనిపెట్టారు. ఇద్దరు డాక్టర్లు సగం సగం వాటాతో ఒక భాగస్వామ్యం పెట్టి, సిబ్బందిని అందులో ఉంచేవారు. తమ సగం వాటాను మాత్రం తమ సొంత కార్పొరేషన్ పేర పెట్టుకునేవారు. సగం వాటా అంటే సగాని కంటే ఎక్కువ కాదు కాబట్టి కంట్రోల్డ్ గ్రూప్ కాదు. 1979లో గార్లాండ్ అనే డాక్టరు కేసులో టాక్స్ కోర్టు ఈ ఏర్పాటు చెల్లుతుందనే చెప్పింది. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ మరుసటి ఏడాదే 414(ఎం) చేర్చింది. దాని పేరు అఫిలియేటెడ్ సర్వీస్ గ్రూప్. క్లినిక్కులు, కన్సల్టింగ్ కంపెనీలు నడిపే తెలుగువారిని ఎక్కువగా పట్టుకునేది ఇదే.

మొదటి మెట్టు: కాగితం మీద గళ్లు గీయండి

అడ్డంగా కంపెనీల పేర్లు, నిలువుగా మనుషుల పేర్లు రాయండి. ప్రతి గడిలో వాటా శాతం వేయండి. తేలికగా కనిపిస్తుంది కానీ మనవాళ్లు వదిలేసేవన్నీ ఇక్కడే ఉంటాయి. హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ కూడా ఒక గడే. విదేశీ కంపెనీ అని దాన్ని పక్కన పెట్టకూడదు. మోటెల్ భవనాన్ని పట్టుకున్న ఎల్ఎల్‌సీ, పిల్లల పేర పెట్టిన ట్రస్టు, రేపో మాపో వాటా కొనడానికి రాసుకున్న ఒప్పందం కూడా గళ్లలోకి వస్తాయి. కొనే హక్కు ఉంటే వాటా ఇప్పటికే చేతిలో ఉన్నట్టే లెక్క.

పేరుకు మాత్రమే భార్యను అధ్యక్షురాలిగానో డైరెక్టరుగానో పెట్టిన కంపెనీలను విడిగా గుర్తు పెట్టుకోండి. అవసరం వచ్చేది తరువాతి మెట్టులో.

రెండో మెట్టు: ఎవరి వాటా ఎవరి ఖాతాలో పడుతుంది

అన్నిటికంటే మెలికలున్న మెట్టు ఇది. ఇక్కడ తొందరపడవద్దు.

భార్యాభర్తలు: ఒకరి వాటా రెండోవారిది కూడా అన్నది అసలు సూత్రం. దీనికి ఒక మినహాయింపు ఉంది, నాలుగు షరతులూ నెరవేరితేనే అది వర్తిస్తుంది. రెండోవారికి ఆ కంపెనీలో నేరుగా వాటా ఉండకూడదు. డైరెక్టరుగా, ఉద్యోగిగా ఉండకూడదు, నిర్వహణలో వేలు పెట్టకూడదు. కంపెనీ స్థూల ఆదాయంలో సగానికి మించి అద్దెలు, వడ్డీలు, డివిడెండ్లు, రాయల్టీల వంటివి ఉండకూడదు. ఆ వాటాను అమ్మాలంటే భార్యకో భర్తకో, లేదా ఇరవై ఒక్క ఏళ్లు నిండని పిల్లలకో అనుకూలమైన షరతు అడ్డు ఉండకూడదు. ఒక్కటి తప్పినా మినహాయింపు పోతుంది.

దీన్ని రెండు దిశల్లోనూ విడివిడిగా చూడాలి. పైన చెప్పిన జంటలో ఆయన మోటెల్ గుమ్మం కూడా తొక్కరు, కాబట్టి మోటెల్ ఆయన ఖాతాలో పడదు. ఆవిడ ఆయన కంపెనీలో జీతగత్తె, కాబట్టి ఆ కంపెనీ ఆవిడ ఖాతాలో పడుతుంది. ఇప్పుడు రెండూ నూటికి నూరు పాళ్లు ఆవిడవే. గ్రూపు కావడానికి ఒక దిశ చాలు. భర్త భవనం కొని భార్య క్లినిక్కుకు అద్దెకిచ్చే ఎల్ఎల్‌సీ కూడా అద్దెల షరతు దగ్గర తప్పుతుంది. అందులో ఉద్యోగులెవరూ లేకపోతే పెద్ద నష్టం ఉండకపోవచ్చు, కానీ గళ్లలో మాత్రం రాయాలి.

పిల్లలు: ఇరవై ఒక్క ఏళ్లు నిండని పిల్లల వాటా తల్లిదండ్రులది, తల్లిదండ్రుల వాటా పిల్లలది. దీనివల్ల చాలాకాలం ఒక వింత జరిగింది. భార్యాభర్తలు ఎంత జాగ్రత్తగా వేరుగా ఉన్నా, ఇంట్లో పదేళ్ల పిల్ల ఉంటే తల్లి కంపెనీ, తండ్రి కంపెనీ రెండూ ఆ పిల్లవే అయిపోయి గ్రూపు తయారయ్యేది. బిడ్డ పుట్టడమే రిటైర్మెంట్ ప్లాన్‌కు ముప్పు! 2022 డిసెంబరు 29న సంతకమైన సెక్యూర్ 2.0 చట్టం దీన్ని సరిదిద్దింది. 2023 తరువాత మొదలయ్యే ప్లాన్ సంవత్సరాల నుంచి, కేవలం పిల్లల మీదుగా తల్లిదండ్రుల కంపెనీలు కలవవు. టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, అరిజోనా వంటి రాష్ట్రాల్లో పెళ్లి తరువాతి సంపాదనను ఇద్దరిదీ అనే కమ్యూనిటీ ప్రాపర్టీ చట్టాన్ని కూడా ఈ లెక్కలో పట్టించుకోనక్కర్లేదు. డల్లాస్‌లోనో సియాటిల్‌లోనో ఉన్న జంటకు ఇది పెద్ద ఊరట. అయితే 2023, అంతకు ముందు ఏళ్లకు పాత నిబంధనే వర్తిస్తుంది. పాత ప్లాన్ ఉన్నవారు ఆ ఏళ్లను మరచిపోవద్దు.

పెద్ద పిల్లలు, తల్లిదండ్రులు: ఇక్కడ ఎక్కువమంది పొరబడతారు. తండ్రికి ఒక గ్యాస్ స్టేషన్, ముప్పై ఏళ్ల కొడుకుకు వేరే సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఒకరిదానిలో ఒకరికి వాటా లేదు. అలాంటప్పుడు ఈ నిబంధన కింద అవి కలవవు. ఒకే కంపెనీలో ఇద్దరికీ వాటా ఉండి, ఒకరికి సగానికి మించి ఉంటేనే రెండోవారి వాటా వారి ఖాతాలో పడుతుంది. తండ్రికి 60, కొడుకుకు 40 ఉన్న దుకాణం తండ్రికి వంద శాతం అవుతుంది, కొడుకుకు 40 గానే ఉంటుంది. తండ్రికి పూర్తి వాటా ఉన్న ఇంకో దుకాణం ఉంటే ఆ రెండు దుకాణాలూ ఒక గ్రూపు. కొడుకు సొంత కంపెనీ మాత్రం అందులోకి రాదు.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అత్తమామలు, బావమరుదులు, తోడల్లుళ్లు: ఏమీ లేదు. ఒకరి వాటా ఇంకొకరి ఖాతాలో పడదు. కానీ ఒకే కంపెనీలో ఇద్దరూ వాటాదారులైతే ఎవరి వాటా వారికే లెక్కకొస్తుంది. అది తరువాతి మెట్టు.

మూడో మెట్టు: 80, 50 పరీక్షలు

ఒక కంపెనీకి ఇంకో కంపెనీలో 80 శాతం లేదా అంతకు మించి ఉంటే తల్లి-పిల్ల గ్రూపు. దీన్ని ఎవరైనా గుర్తుపడతారు.

చిక్కంతా బ్రదర్-సిస్టర్ గ్రూపు దగ్గర. పేరు చూసి అన్నాచెల్లెళ్ల గురించి అనుకోకండి, ఇక్కడ తోబుట్టువులు కంపెనీలే. అయిదుగురు లేదా అంతకంటే తక్కువ మంది కలిసి ప్రతి కంపెనీలోనూ కనీసం 80 శాతం పట్టుకోవాలి. ఆపైన, వారిలో ప్రతివారికీ అన్ని కంపెనీల్లోనూ సమానంగా ఉన్న భాగాలను కూడితే 50 దాటాలి.

ఉదాహరణకు ఒక రెస్టారెంటు, ఒక కేటరింగ్ కంపెనీ ఉన్నాయి. రెస్టారెంటులో అన్నకు 60, తమ్ముడికి 20, స్నేహితుడికి 20. కేటరింగ్‌లో అన్నకు 30, తమ్ముడికి 50, స్నేహితుడికి 20. ముగ్గురూ కలిసి రెండిటా వంద శాతం, మొదటి పరీక్ష అయిపోయింది. రెండో పరీక్షకు ప్రతివారి రెండు అంకెల్లో చిన్నది తీసుకోండి: అన్నకు 30, తమ్ముడికి 20, స్నేహితుడికి 20. మొత్తం 70, అంటే 50 దాటింది. గ్రూపే. అన్నదమ్ములు కావడం ఇక్కడ లెక్కకే రాలేదు, ముగ్గురు స్నేహితులైనా ఫలితం ఇదే.

రెండు కంపెనీల్లో ఒకదానిలో మాత్రమే వాటా ఉన్నవారి అంకె ఈ లెక్కలోకి రాదు. ఈ సంగతి తేల్చింది 1982లో అమెరికా సుప్రీంకోర్టు, వోగెల్ ఫెర్టిలైజర్ కేసులో. ఒకే మనిషికి ఎరువుల కంపెనీలో 77.49 శాతం, పాప్‌కార్న్ కంపెనీలో 87.5 శాతం ఓటు హక్కు ఉండేవి. ఎరువుల కంపెనీలో మిగతా 22.51 శాతం ఉన్నవారికి పాప్‌కార్న్‌లో ఏమీ లేదు. కాబట్టి ఎరువుల వైపు 80 చేరలేదు, గ్రూపు కాలేదు. అది వేరే పన్ను వివాదమే అయినా నిర్వచనం ఇదే. నమ్మకమైన మేనేజరుకు 21 శాతం వాటా నిజంగా ఇస్తే గ్రూపు తప్పవచ్చు, వాటా ఇచ్చినట్టు కాగితం మీద మాత్రమే రాస్తే తప్పదు. మేనేజరు వాటాను అమ్ముకోకుండా కట్టడి చేసినా అది లెక్కలోంచే పోయే ప్రమాదం ఉంది.

నాలుగో మెట్టు: వాటా లేకున్నా కలిసే గ్రూపులు

బావమరిది చట్టానికి పరాయివాడన్నాను కదా, ఆయన మళ్లీ ఇక్కడ తిరిగొస్తాడు.

అఫిలియేటెడ్ సర్వీస్ గ్రూపులో మూడు రకాలు. ఒకటి, సేవలందించే సంస్థలో వాటా ఉన్న ఇంకో సంస్థ, దానితో కలిసి లేదా దానికోసం క్రమంగా పనిచేయడం. ఇందులో కనీస శాతం అంటూ లేదు, గార్లాండ్ డాక్టరు దారిని మూసింది ఇదే. రెండు, తన వ్యాపారంలో గణనీయమైన భాగం క్లినిక్కుకు బిల్లింగ్ చేసిపెట్టడమే అయిన కంపెనీలో ఆ క్లినిక్కులోని ఎక్కువ జీతగాళ్లకో యజమానులకో కలిపి 10 శాతం లేదా అంతకు మించి వాటా ఉండడం. ఇక్కడ చుట్టరికపు సూత్రం ఇంకా కఠినం. భార్యాభర్తలకు పైన చెప్పిన మినహాయింపు లేదు, పిల్లల వయసుతో పని లేదు.

మూడోది నిర్వహణ గ్రూపు. ఒక కంపెనీ ప్రధాన వ్యాపారం ఇంకో కంపెనీ నిర్వహణను క్రమంగా చేసిపెట్టడమే అయితే వాటా ఒక్క శాతం లేకపోయినా రెండూ ఒకటే. అక్క డాక్టరు. క్లినిక్కు నియామకాలు, బడ్జెట్టు, అద్దె ఒప్పందాలు అన్నీ చూసే కంపెనీ ఆవిడ తమ్ముడి పేర, అంటే ఆవిడ భర్తకు బావమరిది పేర, ఉంది. దానికి ఇంకో క్లయింటు లేదు. ఇద్దరికీ ఒకరిదానిలో ఒకరికి వాటా లేదు. అయినా గ్రూపే.

ఈ మెట్టును మీరే తేల్చుకోవద్దు. ప్లాన్ పరీక్షలు చేసే బయటి నిర్వాహకుడికో (టీపీఏ), పింఛను చట్టం తెలిసిన న్యాయవాదికో గళ్ల కాగితం చూపించండి. మామూలుగా పన్ను రిటర్ను వేసే సీపీఏలలో అందరికీ ఈ సెక్షన్ల మీద పట్టు ఉండదు. అడిగితే వారే చెబుతారు.

అయిదో మెట్టు: తలలు లెక్కపెట్టండి

గ్రూపు అని తేలినంత మాత్రాన అన్ని కంపెనీలకూ ఒకే ప్లాన్ ఉండాలని లేదు. ప్లాన్ పైవారికే కాక మామూలు ఉద్యోగులకూ చాలినంతగా అందుతోందా అన్న పరీక్షను అన్ని కంపెనీల ఉద్యోగులనూ కలిపి నెగ్గాలి, అంతే.

ముందు తీసేయదగినవారిని తీసేయండి: ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారు, వెయ్యి గంటలతో ఒక ఏడాది పూర్తి చేయనివారు, పింఛను గురించి బేరమాడిన యూనియన్ సభ్యులు, అమెరికాలో సంపాదన లేని విదేశీయులు. హైదరాబాదు ఆఫీసు సిబ్బంది ఈ చివరి వరుసలో బయటికి పోతారు. హెచ్-1బీ మీద డల్లాస్‌లో పనిచేసేవారు పోరు, వారి సంపాదన అమెరికాదే కాబట్టి. ఈ తేడా తెలియక హెచ్-1బీ వారిని ‘విదేశీయులు’ గడిలో వేసిన పట్టికలు నేను చూశాను.

మిగిలినవారిని రెండు జట్లుగా విడదీయండి. 5 శాతానికి మించి వాటా ఉన్నవారు, క్రితం ఏడాది నిర్ణీత జీతం దాటినవారు ఒక జట్టు. 2025 ప్లాన్ సంవత్సరానికైతే 2024లో 1,55,000 డాలర్లు దాటాలి. మిగతావారంతా రెండో జట్టు. రెండో జట్టులో ప్లాన్ లోపల ఉన్నవారి శాతం, మొదటి జట్టు శాతంలో కనీసం 70 శాతం ఉండాలి.

మన జంట లెక్క వేద్దాం. మోటెల్‌లో పన్నెండు మందిలో ఇద్దరు కొత్తవారు, మిగిలేది పది. పై జట్టులో భార్యాభర్తలిద్దరు. ఆయన ప్లాన్ లోపల పదిమందిలో ఒక్కరూ లేరు. సున్నాను దేనితో పోల్చినా సున్నాయే, ప్లాన్ తప్పింది. అదే మోటెల్‌కు ప్లాన్ పెట్టి ఆవిడనూ పదిమందినీ చేర్చి, ఆయనను వదిలేస్తే? పై జట్టులో ఇద్దరిలో ఒకరు, 50 శాతం. కింది జట్టులో నూరు. ఇబ్బందే లేదు. గ్రూపు కావడం మోటెల్ ప్లాన్‌ను ఏమీ చేయలేదు, ఆయన ప్లాన్‌ను మాత్రమే కూల్చింది.

70,000 పరిమితి కూడా గ్రూపు మొత్తానికి మనిషికి ఒక్కటే. సంబంధం లేని రెండు కంపెనీలైతే ఒక్కోదానికి ఒక్కో పరిమితి ఉంటుంది. 23,500 మాత్రం ఎప్పుడూ మనిషినిబట్టే, ఎన్ని ఉద్యోగాలున్నా అంతే.

ఆరో మెట్టు: ప్లాన్ ఎంచుకోవడం

గ్రూపు అయితే నా ఓటు ఒకే 401(కె)కి. అన్ని కంపెనీలూ ఒప్పందం మీద సంతకం చేసి చేరాలి, సేఫ్ హార్బర్ పద్ధతి పెట్టాలి. అంటే అర్హులందరికీ జీతంలో 3 శాతం కంపెనీయే వేయడం, లేదా మొదటి 3 శాతానికి పూర్తిగా, తరువాతి 2 శాతానికి సగం జత కలపడం. ఖర్చు ఎంతో ముందే తెలుస్తుంది. ఒక కంపెనీ నుంచి ఇంకోదానికి మారిన వంటమనిషి పాత సర్వీసును మొదటినుంచీ లెక్కించాలన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

గ్రూపు కాదని తేలినా, తోడల్లుళ్లిద్దరూ ఖర్చు కలిసొస్తుందని ఒకే ప్లాన్ పెట్టుకోవచ్చు. అప్పుడు అది మల్టిపుల్ ఎంప్లాయర్ ప్లాన్, పరీక్షలు ఎవరివి వారికే. దాన్ని ఒంటి యజమాని ప్లాన్ కాగితాలతో నడపకూడదు.

సెప్ ఐఆర్ఏ, అంటే యజమానే ఉద్యోగుల ఖాతాల్లో డబ్బు వేసే రిటైర్మెంట్ ప్లాన్, చాలామందికి ఇష్టం, కాగితాల పని తక్కువ కాబట్టి. గ్రూపు ఉన్నచోట అదే గొడ్డలిపెట్టు. గ్రూపులోని అర్హులందరికీ అదే శాతం వేయాలి. ఆయన తన లక్ష డాలర్ల జీతం మీద 20 శాతం, అంటే 20,000 వేసుకున్నారు. మోటెల్‌లో 30,000 జీతంతో అర్హులు ఎనిమిది మంది ఉంటే ఒక్కొక్కరికి 6,000. మొత్తం 48,000, అదీ ఒక్క ఏడాదికి.

ఏడో మెట్టు: మార్పులు వచ్చినప్పుడు

పెళ్లి, విడాకులు, వాటా కొనడం, అమ్మడం, భార్య పేరు జీతాల పట్టికలోకి ఎక్కడం. వీటిలో ఏది జరిగినా గళ్ల కాగితం మళ్లీ తీయండి. కంపెనీ చేతులు మారి గ్రూపు ఏర్పడితే కొంత గడువు దొరుకుతుంది. మార్పు జరిగిన ప్లాన్ సంవత్సరం, ఆ తరువాతి పూర్తి సంవత్సరం చివరిదాకా పాత పరీక్షే చెల్లుతుంది. అప్పటికి ప్లాన్ పరీక్ష నెగ్గుతూ ఉండాలి, మధ్యలో నిబంధనలను పెద్దగా మార్చకూడదు.

ఇప్పటికే తప్పు జరిగి ఉంటే

ప్లాన్ సంవత్సరం క్యాలెండరు ఏడాది అయితే, మరుసటి అక్టోబరు 15 దాకా వెనకటి తేదీతో సవరణ చేసి, బయట ఉంచిన ఉద్యోగుల్లో చాలినంతమందిని ప్లాన్‌లోకి తెచ్చి, వారికి రావలసింది కంపెనీ జేబులోంచి వేయవచ్చు. ఆ తేదీ దాటితే అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ వారి స్వచ్ఛంద దిద్దుబాటు కార్యక్రమం, వీసీపీ ఉంది. మీరే దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, ఎలా సరిచేస్తారో రాసి ఆమోదం తీసుకుంటారు. ఆడిట్ నోటీసు వచ్చాక వీసీపీ తలుపు మూసుకుంటుంది, మిగిలేది బేరమాడి జరిమానా కట్టడమే.

దరఖాస్తుకు వెళ్లేటప్పుడు గళ్ల కాగితం ఒక్కటి చాలదు. తప్పు మొదలైన ఏడాదినుంచి ప్రతి డిసెంబరు 31 నాటికి వాటాలెలా ఉన్నాయో ఏడాదికొక కాగితం, అన్ని కంపెనీల డబ్ల్యూ-2లు (ఉద్యోగుల ఏడాది జీతపు పత్రాలు), ఉద్యోగుల పుట్టిన తేదీలు, చేరిన తేదీలు, పనిచేసిన గంటలు కావాలి. మోటెల్ వంటి చోట పాత గంటల రికార్డులు దొరకడమే కష్టం. జీతాలు చేసే కంపెనీని మార్చే ఆలోచన ఉంటే, పాత ఖాతా మూసేముందే ఆ నివేదికలన్నీ దించుకుని పెట్టుకోండి.